క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఇంట్లోనే పైలు: విశాఖ వంటింటి ప్రాజెక్టు డైరీ

నవంబర్ ఆఖరి వారం

ఈ ఏడాది ప్లమ్ కేక్ జోలికి వెళ్లడం లేదు. డిసెంబర్ వచ్చిందంటే ఊళ్లో ఏ బేకరీ అద్దాల వెనక చూసినా అవే గుట్టలు, రుచి కూడా బాగానే ఉంటుంది, ఇంక దానికోసం ఇంట్లో చాకిరీ దేనికి? దొరకనిది పై, అంటే మైదా పిండి పెంకులో పళ్లో కూరో నింపి ఓవెన్‌లో కాల్చేది. ఆపిల్ పై ఉందా అని అడిగితే చాలాచోట్ల పఫ్‌లో జామ్ పెట్టి చేతికిస్తారు. అందుకని క్రిస్మస్ నుంచి కనుమ దాకా ఇంటికొచ్చేవాళ్లకి పైలు పెట్టాలి, అది కూడా పొద్దున్న తొమ్మిదికి ఆఫీసుకి పరిగెత్తే మనిషి చేసుకోగలిగినంత సులువుగా ఉండాలి. ఇదీ ప్రాజెక్టు. ఫొటోకి బాగుండే అల్లికల మూతలు, ఆకుల డిజైన్లు ఇందులో లేవు.

సామాను చూసుకున్నాను. 28 లీటర్ల ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, ఉంది. దాన్ని మిక్సీ పెట్టే మామూలు ప్లగ్గులో పెట్టకూడదు, 16 ఆంప్స్ పెద్ద సాకెట్టే కావాలి, మా ఇంట్లో అది వాషింగ్ మెషీన్ దగ్గర ఉంది కాబట్టి ఓవెన్ కూడా వెనక వరండాలోకి చేరింది. ఒక విధంగా మంచిదే, ఎందుకో కింద రాస్తాను. ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొన్నాను. నాబ్ 200 మీద పెడితే లోపల 180 దగ్గరే ఆగుతోందని దాంతోనే తేలింది. వంటకాల్లో రాసే డిగ్రీలు లోపలి వేడివి, నాబ్ మీద అంకెలవి కావు. ఈ థర్మామీటర్ లేకుండా ఓటీజీలో పైలు మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్తాను.

పళ్లేల కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్లాలి. మార్గశిరంలో గురువారం మాత్రం అటు వైపు వద్దు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో వన్‌టౌన్ అంతా కిటకిటలాడుతుంది, ఆటోవాళ్లు కూడా దూరంగానే దింపేస్తారు. శుక్రవారం సాయంత్రం వెళ్లి 22 సెంటీమీటర్ల వెడల్పు, అంచు కాస్త వాలుగా ఉన్న అల్యూమినియం పళ్లేలు రెండు తెచ్చాను. గాజు పళ్లెం అందంగా ఉంటుంది కానీ వేడెక్కడానికి టైం తీసుకుంటుంది, ఆలోపు అడుగు పిండి తడిసి ముద్దవుతుంది. అల్యూమినియం వెంటనే వేడిని అందుకుంటుంది. పై కుదిరిందా లేదా అన్నది అడుగులోనే తెలుస్తుంది. పైన ఎర్రగా కాలినదాన్ని చూసి మోసపోకండి, కిందకి తిప్పి చూడండి.

డిసెంబర్ మొదటి వారం: పిండి సంగతి

లెక్క చాలా తేలిక. తూకంలో మూడు వంతుల మైదా, రెండు వంతుల వెన్న, ఒక వంతు నీళ్లు. అంటే 300 గ్రాముల మైదా, 200 గ్రాముల వెన్న, 100 గ్రాముల నీళ్లు. మన సముద్రగాలికి పిండి ముందే కాస్త చెమ్మ పీల్చుకుని ఉంటుందో ఏమో, నాకు 75, 80 మిల్లీలీటర్లకే ముద్ద కట్టింది. నీళ్లన్నీ ఒకేసారి పోసేయకుండా చెంచాతో కొద్దికొద్దిగా వేసుకుంటే సరి. మామూలు అమూల్ వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి వేరే ఉప్పు వెయ్యక్కర్లేదు. ఉప్పులేని వెన్న అయితే అర చెంచా. తీపి పై అయితే ఒక పెద్ద చెంచా పంచదార కూడా, పైన రంగు బాగా వస్తుంది.

ఇక్కడే ఈ ఊరితో పేచీ. పై అంచు పొరలుపొరలుగా విచ్చుకోవాలంటే పిండిలో వెన్న కరగకుండా చిన్నచిన్న ముక్కలుగా మిగలాలి. వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీరు. ఓవెన్ వేడికి ఆ నీరు ఆవిరై పైకి తన్నుతుంది, కొవ్వు కరిగి చోటు ఖాళీ చేస్తుంది, అలా పొర లేస్తుంది. వెన్న ముందే చేతిలో కరిగిపోయి మైదాలో ఇంకిపోతే పొరలు ఉండవు, బిస్కెట్ లాంటిది వస్తుంది. చలిదేశాల వంటకాల్లో 'వెన్న బయట పెట్టి పావుగంట ఆగండి' అని తేలిగ్గా రాసేస్తారు. ఇక్కడ డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నం 28 డిగ్రీలు, గ్యాస్ స్టవ్ వెలిగితే వంటింట్లో ఇంకో రెండు మూడు ఎక్కువ. పావుగంటలో వెన్న చెయ్యి జారిపోతుంది.

కాబట్టి పిండి పని తెల్లవారుజామునే. అయిదున్నరకి వరండాలో 20 డిగ్రీల దగ్గర ఉంటుంది, స్టవ్ వెలిగించకముందే పని అయిపోవాలి. వెన్నని రాత్రే ఫ్రీజర్లో పెట్టి, పొద్దున్న క్యారెట్ తురుముకునే తురుముపీట మీద పెద్ద రంధ్రాల వైపు నేరుగా మైదాలోకి తురిమేస్తాను. తురిమేటప్పుడు వెన్న కట్టకి ఉన్న కాగితం పూర్తిగా తీయకుండా, పట్టుకునేంత మేర వదిలేస్తే వేళ్ల వేడి తగలదు. తురుముని మైదాతో వేళ్ల చివర్లతో రెండు నిమిషాలు కలిపితే చాలు, రవ్వలా అయ్యే దాకా నలపక్కర్లేదు, అక్కడక్కడా పెసరగింజంత ముక్కలు కనిపిస్తూనే ఉండాలి. తర్వాత ఐసు నీళ్లు.

మా అత్తయ్య కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. సంక్రాంతికి కజ్జికాయలు చేసే చెయ్యి, ఆవిడకి పిండి చూస్తే చాలు. గిన్నెలోంచి పొడిపిండి ఓ పిడికెడు తీసి బిగించి, వదిలి చూసింది, ముద్ద విరక్కుండా నిలబడింది. "కొవ్వు సరిపోయింది. ఇంక నీళ్లు చిలకరించి, ముద్ద కట్టగానే చెయ్యి తీసెయ్యమ్మా, చపాతీ పిండి కాదు కదా మర్దించడానికి." ఏ వీడియోలోనూ ఇంత చిన్నగా చెప్పలేదు. నీళ్లు తగిలాక మైదాని ఎంత మర్దిస్తే అంత సాగుతుంది, ఆ సాగే గుణం వల్లే కాలేటప్పుడు పళ్లెం అంచునుంచి పిండి కిందకి జారి ముడుచుకుపోతుంది.

ముద్దని రెండు బిళ్లలుగా నొక్కి, కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకి. సాయంత్రానికి తయారు.

అదే వారం, నెయ్యి పరీక్ష

ఇంట్లో మంచి నెయ్యి ఉండగా వెన్న కొనడం ఎందుకని అత్తయ్య అడిగిన దానికి జవాబు చేసి చూపించడమే మేలనిపించింది. నెయ్యిలో నీళ్లుండవు కాబట్టి 200 గ్రాముల వెన్న బదులు 160 గ్రాముల నెయ్యి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి చెంచాతో గీరి వేశాను, నీళ్లు ఓ 30 మిల్లీలీటర్లు ఎక్కువ పట్టాయి. పక్కపక్కనే రెండూ కాల్చాం. వెన్నది విరిస్తే పొరలు విడివిడిగా కనిపించాయి. నెయ్యిది పొర లేదు, గుల్లగా ఇసకలా రాలింది, వాసన మాత్రం ఇల్లంతా. ఇంట్లో ఓట్లు నెయ్యికే ఎక్కువ పడ్డాయి, నిజం చెప్పాలంటే నా ఓటు కూడా. కానీ నెయ్యి పిండితో పెద్ద పై కోస్తే ముక్క నిలబడదు, పొడిపొడి అయిపోతుంది. చిన్న పైలకి భేషుగ్గా పనికొస్తుంది. కాబట్టి పెద్దదానికి వెన్న, చిన్నవాటికి సగం వెన్న సగం నెయ్యి అని ఖాయం చేసుకున్నాం.

డాల్డా వద్దు. బేకరీల పఫ్‌లు మన ఎండల్లో కూడా అంత పొరలుగా రావడానికి కారణం మామూలు వెన్న కంటే ఎక్కువ వేడికి కరిగే మార్జరిన్, అదీ డాల్డాలాగే నూనెల్ని గట్టిపరిచి చేసేదే. పని సులువవుతుంది కానీ తిన్నాక అంగిట్లో మైనం పూసినట్టు ఉంటుంది.

డిసెంబర్ రెండో వారం: ఆపిల్

ఇప్పుడు బజార్లో ఉన్నవి కశ్మీర్ ఎర్ర ఆపిల్స్. తినడానికి బాగుంటాయి, వండితే మెత్తబడి గుజ్జవుతాయి, పులుపు బొత్తిగా లేదు. గ్రీన్ ఆపిల్ ముక్క గట్టిగా నిలుస్తుంది, పుల్లగా ఉంటుంది, ధర మాత్రం చుక్కల్లో. మూడు వంతులు ఎర్రవి, ఒక వంతు పచ్చవి, పులుపు చాలకపోతే ఒక నిమ్మకాయ. కిలో పళ్లకి 100 గ్రాముల పంచదార, చెంచాడు దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు, రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్.

పచ్చి ముక్కలు అలాగే నింపి కాల్చే పద్ధతి నేను వదిలేశాను. లోపల నీరు ఊరుతుంది, అడుగు తడుస్తుంది, పళ్లు కుంగిపోయి పై మూతకీ వాటికీ మధ్య గుహలా ఖాళీ వస్తుంది. ముందే వెడల్పాటి మూకుట్లో ఎనిమిది పది నిమిషాలు ఉడికించి, కార్న్‌ఫ్లోర్‌ని చన్నీళ్లలో కలిపి పోసి, బుడబుడమని ఉడికే దాకా ఉంచాలి, ఉడుకు పట్టకపోతే కార్న్‌ఫ్లోర్ చిక్కబడదు, పైగా పచ్చివాసన. గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే ఆ గీత ఓ క్షణం అలాగే నిలవాలి. తర్వాత పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా ఉన్నా సరే పిండిలో పెట్టకూడదు, వెన్న కరిగి పొద్దున్న పడ్డ శ్రమ వృథా. నేను ముందురోజు రాత్రే వండి ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాను.

కాల్చడం: ఓవెన్ ముందే 200కి వేడెక్కాలి. పళ్లెం అన్నిటికంటే కింది అరలో, మొదటి ఇరవై నిమిషాలు కింది రాడ్ మాత్రమే. తర్వాత రెండు రాడ్లూ వేసి 180లో ఇంకో పాతిక, ముప్ఫై నిమిషాలు. మూత మీద కత్తితో నాలుగు గాట్లు పెడితే వాటిలోంచి రసం చిక్కగా బుడగలు కడుతూ పైకి వస్తుంది, లోపల అయిందనడానికి అదే గుర్తు. తీసిన వెంటనే కోయొద్దు, రెండు మూడు గంటలు ఆగితేనే లోపలి రసం గట్టిపడుతుంది. ఇంట్లో ఎవరూ ఆగరు, అది వేరే విషయం.

ధనుర్మాసం మొదలు

డిసెంబర్ 16 నుంచి అత్తయ్య గుడ్డు ముట్టదు, క్రిస్మస్ ఎప్పుడూ ఇందులోనే పడుతుంది. కాబట్టి ఇక నుంచి ఇంట్లో అన్నీ గుడ్డులేని పైలే. మూత మీద గుడ్డు సొన బదులు పాలల్లో కాస్త పంచదార కలిపి రాస్తే చాలు, మెరుపు కొంచెం తగ్గుతుంది గానీ రంగు వస్తుంది.

చిక్కు గుమ్మడికాయ పై దగ్గరే. అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కి చేసుకునేది ఇదే, అక్కడ పాలు, గుడ్లు కలిపి పోసి కాలుస్తారు, గుడ్డే దాన్ని గడ్డ కట్టిస్తుంది. గుడ్డు లేకపోతే ఆ పని కార్న్‌ఫ్లోర్‌కి అప్పజెప్పాలి. సీతమ్మధార రైతు బజార్లో తీపి గుమ్మడిని బద్దలు కోసి అమ్ముతారు, లోపల కండ ముదురు నారింజ రంగులో ఉన్నది ఎంచుకోవాలి, లేతపసుపుది అంతా నీళ్లే. ఆవిరి మీద ఉడికించి మెత్తగా చేసి, పొడి మూకుట్లో కలుపుతూ నీరు ఇగిరే దాకా వేయించాలి. 400 గ్రాముల గుజ్జుకి 150 గ్రాముల అనకాపల్లి బెల్లం అందులోనే వేసి కరిగించి, వడగట్టి, పక్కన పెట్టాను. శొంఠి పొడి, దాల్చినచెక్క, కొంచెం జాజికాయ.

పాలు వేరే. పరమాన్నంలో బెల్లం పొయ్యి దించాక ఎందుకు వేస్తామో తెలిసిందే, మరిగే పాలల్లో పడితే విరిగిపోతాయి. ఇక్కడా అంతే. 250 మిల్లీలీటర్ల చిక్కటి పాలల్లో మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి గట్టిగా అయ్యే దాకా ఉడికించి, దించి, గోరువెచ్చగా అయ్యాక బెల్లం గుజ్జు కలిపాను. విరగలేదు. రంగు పాత ఇత్తడి చెంబులా ముదురుగా వచ్చింది, పంచదారతో చేస్తే ఈ రంగూ రాదు, ఈ వాసనా రాదు.

దీనికి పిండి పెంకుని ముందే పూర్తిగా కాల్చుకోవాలి, ఎందుకంటే లోపలిది మళ్లీ ఓవెన్‌లోకి వెళ్లదు. పళ్లెంలో పిండి పరిచి, ఫోర్కుతో పొడిచి, అరగంట ఫ్రీజర్లో పెట్టి, మీద బటర్ పేపర్ వేసి అంచుల దాకా ఉలవలు నింపాను. ఆ బరువు లేకపోతే మధ్యలో పూరీలా పొంగుతుంది. 200లో 15 నిమిషాలు, తర్వాత ఉలవలు తీసేసి 180లో ఇంకో పన్నెండు, పదిహేను నిమిషాలు, అడుగు బంగారు రంగుకి వచ్చే దాకా. చల్లారాక గుమ్మడి పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో. ఆ ఉలవలు ఇంక వండుకోవడానికి పనికిరావు, ఒక సీసాలో పోసి మూత మీద 'పై ఉలవలు' అని రాసి పెట్టాను, లేకపోతే ఎవరో ఒకరు చారు పెట్టేస్తారు.

క్రిస్మస్ ముందు శనివారం: కజ్జికాయల అచ్చు

ప్రాజెక్టులో అన్నిటికన్నా పనికొచ్చిన వస్తువు ఇదే, కొన్నది కూడా కాదు. పెద్ద పై ఒకటి కోస్తే ఎనిమిది ముక్కలు, మొదటి ముక్క ఎప్పుడూ చిందరవందర, మిగిలింది మర్నాటికి మెత్తబడుతుంది. చేతిలో పట్టే చిన్నవైతే ఈ గొడవేదీ లేదు. అటక మీద నుంచి అత్తయ్య అల్యూమినియం అచ్చు దించింది. పిండిని మూడు మిల్లీమీటర్ల మందంగా ఒత్తి, అచ్చులో పరిచి, చెంచాన్నర ఆపిల్, అంచుకి తడి, మూసి నొక్కడమే. అచ్చు అంచుకున్న పళ్లే డిజైన్ వేసేస్తాయి. ఒక్క జాగ్రత్త: కజ్జికాయలకి ఒత్తినంత పల్చగా ఒత్తితే ఇక్కడ రసం చీల్చుకుని బయటికి వస్తుంది. రెండోది, ప్రతిదాన్నీ ఫోర్కుతో రెండు పోట్లు పొడవాలి. 300 గ్రాముల మైదాతో పదిహేను దాకా వచ్చాయి.

ఓవెన్‌లోకి వెళ్లే ముందు ఇరవై నిమిషాలు ఫ్రీజర్లో. 200లో పాతిక నిమిషాలు. ఇంతే.

అసలు సులువు దీని తర్వాత ఉంది. కాల్చకుండా పళ్లెంలో విడివిడిగా గడ్డ కట్టించి, గట్టిపడ్డాక డబ్బాలో పోసుకుంటే ఫ్రీజర్లో వారాల తరబడి ఉంటాయి. చుట్టాలు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా ఓవెన్ ఆన్ చేసి, కరిగించకుండా అలాగే పెట్టి, అయిదారు నిమిషాలు ఎక్కువ కాలిస్తే కాఫీలు, కబుర్లు అయ్యే లోపు వేడివేడిగా వస్తాయి. పండగ రోజు పిండి ముఖమే చూడక్కర్లేదు. టెన్షన్ లేని పండగ వంట నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

డిసెంబర్ 24

కింద వాటాలో ఆంటీవాళ్లకి పండగ. వాళ్లకి గుడ్డు పేచీ లేదు కాబట్టి వరండాలో విడిగా ఒక ఉప్పు పై చేశాను, ఫిషింగ్ హార్బర్ రొయ్యలతో. రొయ్య నీళ్లు వదులుతుంది, అందుకని ముందు పసుపు, ఉప్పుతో పెద్ద మంట మీద రెండు నిమిషాలు వేయించి ఆ నీటిని ఇగిర్చేయాలి. తర్వాత వెన్నలో ఉల్లిపాయ, వెల్లుల్లి, చెంచాడు మైదా, పాలు పోసి చిక్కటి సాస్, బోలెడు మిరియాల పొడి, పచ్చి బఠాణీ. అడుగు పిండి లేదు, గిన్నెలో కూర పోసి మీద మూత మాత్రమే, మొదటిసారి పై చేసేవాళ్లు దీంతో మొదలుపెట్టడం మంచిది, అడుగు తడిసే భయమే ఉండదు. మూతకి మాత్రం గుడ్డు సొన రాశాను.

దాంతోపాటు చిన్న ఆపిల్ పైలు ఓ డజను పంపాను. సాయంత్రం ఆంటీ పళ్లెం తిరిగిస్తూ, "కేకులైతే ఇంటింటి నుంచీ వస్తాయమ్మా, ఇది ఏటో గానీ పిల్లలు ఒక్కటీ మిగల్చలేదు. పైన కజ్జికాయలాగుంది, లోపల ఆపిల్ ఉందేటి?" అంది. పళ్లెంలో వాళ్లింటి రోజ్ కుకీస్, మన గులాబీ పువ్వులే, బదులుగా వచ్చాయి.

డిసెంబర్ చివరి రోజులు: నిల్వ

సముద్రం పక్కన ఏ కరకరా ఎక్కువసేపు నిలవదు. కాల్చిన పై బయట పెడితే మర్నాటికి అంచు మెత్తబడుతుంది, వేడి మీద డబ్బాలో మూత పెడితే ఇంకా ఘోరం, ఆవిరంతా లోపలే. పూర్తిగా చల్లారాక స్టీలు డబ్బాలో వేయాలి. తినేముందు ఓవెన్‌లో 180లో ఎనిమిది నిమిషాలు పెడితే మళ్లీ ప్రాణం వస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతుంది, పెట్టొద్దు. ఆపిల్‌ది ఒకటి రెండు రోజులు బయట ఉంటుంది, గుమ్మడిది పాలతో చేసింది కాబట్టి ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే, మూడు రోజుల్లోపు అయిపోవాలి. మా ఇంట్లో అంత దాకా రాలేదు.

జనవరి, పండక్కి ముందు

ఇప్పుడు కొబ్బరి లౌజు మీద పడ్డాను. అసలు కజ్జికాయలో ఉండేదాన్నే వెన్న, నెయ్యి కలిపిన పిండిలో పెట్టి, నూనెలో వేయించకుండా కాలిస్తే ఎలా ఉంటుందని. మామూలు లౌజు పెడితే ఓవెన్‌లో బెల్లం మళ్లీ పాకమై పొడిచిన రంధ్రాల్లోంచి కారి పళ్లేనికి అతుక్కుంది. అత్తయ్య సలహా మీద, కొబ్బరి, బెల్లం దగ్గర పడ్డాక నేతిలో వేయించిన బొంబాయి రవ్వ రెండు చెంచాలు, వేయించి దంచిన నువ్వులు గుప్పెడు కలిపాను. రవ్వ ఆ పాకాన్ని పీల్చేసుకుంది, కారడం ఆగింది, నువ్వుల వల్ల తీపి కూడా కాస్త విరిగింది. ఓవెన్ కూడా 190కి దించాను, బెల్లం ఉన్నవి తొందరగా మాడతాయి.

ఫ్రీజర్లో ఒక డబ్బా ఆపిల్, రెండు డబ్బాలు కొబ్బరి ఉన్నాయి. భోగి పొద్దున్న మంట దగ్గర్నుంచి వచ్చేసరికి ఒక వాయి కాలాలి, కనుమకి ఆడపడుచు వాళ్లొచ్చినప్పుడు మిగతావి. కజ్జికాయలు మాత్రం అత్తయ్య మామూలుగా నూనెలోనే వేయిస్తానంది, ఆ రోజు అచ్చు నాకు ఇవ్వదట. అందుకే ఇవన్నీ ముందే ఒత్తేసుకున్నాను.